మూతా, తలుపా, గొంతా? సొంతంగా కట్టే స్పోర్ట్స్ కారులో పెట్రోలు పోసే చోటు

పాత స్పోర్ట్స్ కారు రూపాన్ని షెడ్డులో తిరిగి కట్టుకునేవాళ్లు ఇంజను గురించి ఎంత వాదించుకుంటారో, పెట్రోలు పోసే చోటు గురించీ అంతే వాదించుకుంటారు. ఇంజను బాగాలేకపోతే దించి ఇంకోటి ఎక్కించవచ్చు. డెంటింగు అయిపోయి, పుట్టీ రుద్ది, రంగు కొట్టడానికి సిద్ధంగా ఉన్న వెనుక రెక్కలో అరచేయంత రంధ్రం కోశాక మాత్రం ఆ రంధ్రం అక్కడే ఉండిపోతుంది. అందుకే ఈ పని చివరిదాకా వాయిదా పడుతుంది. వాయిదా పడ్డకొద్దీ చేతిలో ఉన్న దారులు మూసుకుపోతాయి. ఈ విషయంలో జరిగే పొరపాట్లలో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది.

కరీంనగర్, ఆదిలాబాద్ వైపు రేకు పని తెలిసిన చేతులకు కొదవ లేదు. ఆర్టీసీ జోనల్ వర్క్‌షాపు, సింగరేణి వర్క్‌షాపులు, ట్రాలీలూ హార్వెస్టర్లూ బాగుచేసే షెడ్లు, గల్ఫ్ గ్యారేజీల్లో ఏళ్లకేళ్లు పనిచేసి తిరిగొచ్చిన మెకానిక్‌లు ఉన్న ప్రాంతమిది. ఇక్కడెవరైనా ఇలాంటి కారు కట్టాలనుకుంటే పనితనం దొరుకుతుంది. దొరకనిది చిక్కు విప్పిన సమాచారం. అందం, భద్రత, చట్టం అనే మూడు వేర్వేరు ప్రశ్నలు ఈ వాదంలో ఒకదానికొకటి పెనవేసుకుపోయాయి.

ముందు మాటలు తేల్చుకోవాలి

సగం గందరగోళం మాటల్లోనే ఉంది. బంకులో 'మూత తీయండి' అంటే కొందరు బాడీమీది తలుపు తెరుస్తారు, కొందరు లోపలి మర విప్పుతారు. తెలుగులో రెండూ మూతలే. ఈ వ్యాసంలో మర తిప్పి బిగించేదాన్ని మూత అనీ, బాడీలో కబ్జా మీద తెరుచుకునే రేకును తలుపు అనీ అందాం. మూత నుంచి ట్యాంకు దాకా దిగే గొట్టం గొంతు. తలుపు వెనుక గొంతు చుట్టూ ఉండే గుంట గిన్నె. ఈ నాలుగింటిలో వాదమంతా తలుపు గురించే సాగుతుంది. ప్రాణాపాయం మాత్రం గొంతులో, గిన్నెలో ఉంటుంది.

వాదం ఎలా మొదలైంది

తొలినాటి కార్లకు తలుపు లేదు. ట్యాంకుకు ఒక గొంతు, గొంతుకు ఒక మూత, అంతే. ఈనాటికీ ట్రాక్టరులో, మోటారుసైకిల్‌లో మనం చూసేది అదే. బాడీ నునుపుగా కనిపించాలన్న కోరిక పెరిగాక మూతను దాచడం మొదలైంది. అమెరికాలో 1941 కాడిలాక్ దాన్ని వెనుక దీపం కింద దాచింది. 1956 షెవర్లేలో ఎడమవైపు వెనుక దీపాన్ని వంచితే మూత కనిపించేది. 1957 బెల్ ఎయిర్‌లో ఎడమ రెక్క చివరి మెరుపు పట్టీ వెనుక పెట్టారు. ఆ తర్వాత చాలాకాలం నంబరు ప్లేటు వెనుక దాచడం అక్కడి పెద్ద కార్లకు అలవాటైంది.

పందెం కార్లు దీనికి పూర్తిగా ఎదురు దారి పట్టాయి. అక్కడ సెకన్లలో ఇంధనం పోయాలి కాబట్టి ఒక్క వేలితో ఎగిరి తెరుచుకునే పెద్ద లోహపు మూతను బాడీ మీద బయటికే బిగించారు. 1964లో వచ్చిన ఫోర్డ్ జీటీ40కి ముందు అద్దం దిగువన ఇటొకటి, అటొకటి అలాంటి మూతలు ఉండేవి. 1965 నాటి కోబ్రా 427 పందెపు రూపానికి కుడి వెనుక రెక్క మీద తళతళలాడే మూత ఉండేది. నేడు లోకంలో ఎక్కువగా నకలు కడుతున్న స్పోర్ట్స్ కార్లలో కోబ్రా ఒకటి కావడంతో ఆ మూత కూడా ఒక గుర్తుగా మారింది. అది లేకపోతే కోబ్రా కాదనేవాళ్లు ఉన్నారు.

జర్మనీ మూడో దారి పట్టింది. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌లో ట్యాంకు ముందు ఉండేది, బానెట్ ఎత్తితే తప్ప మూత కనిపించేది కాదు. పోర్షె 356ది కూడా మొదట్లో ఇదే పద్ధతి. పెట్రోలు ఒలికితే సామాను మీద పడేది, వాసన లోపలికి వచ్చేది. 356లో 1962 మోడల్ నుంచి ముందు రెక్కలో తలుపు పెట్టారు, బీటిల్‌కు 1968 మోడల్ నుంచి ఆ తలుపు వచ్చింది. అంటే లోపల దాచే పద్ధతిని దాన్ని తెచ్చినవాళ్లే వదిలేశారు. అయినా బీటిల్ చాసిస్ మీద కట్టే నకలు కార్లలో చాలావాటికి మూత ఇప్పటికీ బానెట్ కిందే ఉంటుంది. చాసిస్‌తోపాటు అలవాటు కూడా వెంట వచ్చింది.

ఈ వాదాన్ని అందం నుంచి ప్రాణాల వైపు మళ్లించింది ఫోర్డ్ పింటో. వెనుక నుంచి మరో బండి గుద్దితే దాని గొంతు ట్యాంకు నుంచి ఊడిపోయేది, ట్యాంకుకు చిల్లు పడేది. 1978లో ఫోర్డ్ సుమారు 15 లక్షల కార్లను వెనక్కి పిలిపించి చేసిన మార్పుల్లో పొడవైన గొంతు, దానికి మెరుగైన రబ్బరు సీలు, ట్యాంకుకు ప్లాస్టిక్ కవచం ఉన్నాయి. తలుపును వాళ్లు తాకలేదు.

మూడు పక్షాలు

మొదటి పక్షం బయటి మూత వాళ్లది. తలుపు వద్దు, కబ్జా వద్దు, గిన్నె వద్దు అంటారు. ఉన్నదున్నట్టు కనిపిస్తుంది, పనిచేస్తుంది. గిన్నె లేదు కాబట్టి అందులో నీళ్లు నిలిచే బాధ లేదన్నది నిజమే. ఒలికిన పెట్రోలు మాత్రం నేరుగా రంగు మీద పడి రెక్క వెంట కిందికి కారుతుంది. కోబ్రా రూపంలో పక్కల నుంచి పోయే సైలెన్సర్ గొట్టం వెనుక చక్రం ముందే ముగుస్తుంది. కారిన పెట్రోలుకూ ఆ వేడి గొట్టానికీ మధ్య దూరం ఎక్కువ ఉండదు. చూడటానికి పందెం కారు మూతలా ఉండి, రబ్బరు సీలు సరిగా లేని అలంకారపు మూతలు కూడా అమ్ముతారు. అవి ఎంత మెరిసినా ట్యాంకుకు మూతగా పనికిరావు.

రెండో పక్షం తలుపు వాళ్లది. వీళ్లలో వీళ్లకే రెండు చీలికలు. తుక్కు దుకాణంలో దొరికిన పాత కారు నుంచి తలుపు, గిన్నె, కబ్జా మొత్తంగా కోసి తెచ్చి తమ బాడీలో అతికించాలంటారు కొందరు. తమ రెక్క వంపుకు తగ్గట్టు తలుపును తామే చేయాలంటారు మరికొందరు. మొదటి దారిలో పని త్వరగా అవుతుంది. ఫ్యాక్టరీ చేసిన గిన్నెకు నీళ్లు పోయే రంధ్రం, రబ్బరు, స్ప్రింగు అన్నీ కుదురుగా ఉంటాయి. చిక్కు వంపు దగ్గరే. చదునైన కారు తలుపును గుండ్రటి రెక్కలో పెడితే మంచి చొక్కాకు వేరే రంగు అతుకు వేసినట్టు దూరం నుంచే తెలిసిపోతుంది.

మూడో పక్షం డిక్కీలోనో, బానెట్ కిందో దాచేవాళ్లది. బాడీకి కోత పడదు, దొంగ భయం లేదు. అందుకు బదులుగా పెట్రోలు ఆవిరిని మూసిన గదిలోకి ఆహ్వానిస్తున్నారు. కార్ల తయారీకి ఐరోపాలో పాటించే నిబంధనలు ప్రయాణికుల గదిలో గానీ, సామాను గదిలో గానీ, ఇంజను గదిలో గానీ పెట్రోలు పోసే రంధ్రం ఉండకూడదనే చెబుతాయి. ఎంత పాత నమూనా అయినా ఈ పద్ధతిని సమర్థించడం కష్టం.

పక్కపక్కన పెట్టి చూస్తే బయటి మూతకు పని తక్కువ, జాగ్రత్త ఎక్కువ కావాలి. తెచ్చిన తలుపుకు నమ్మకం ఎక్కువ, అందం తక్కువ. చేసిన తలుపుకు అందం, శ్రమ రెండూ ఎక్కువే. దాచిన మూత చూపుకే సుఖం. రోడ్డు మీద తిరిగే కారుకు రెండో పక్షమే సరైనదని ఈ రచయిత అభిప్రాయం. అందులోనూ గిన్నెను పాత కారు నుంచి తెచ్చుకుని, పై రేకును మాత్రం తమ వంపుకు తగ్గట్టు చేసుకోవడం మేలు. రెండు చీలికలూ పరస్పరం వినిపించుకోకపోవడం వల్లే ఈ నడిమి దారి ఎక్కువమందికి తెలియలేదు.

అసలు పని గొంతుది

బంకు నాజిల్ ఎలా ఆగుతుందో తెలిస్తే గొంతు ఎలా ఉండాలో తెలుస్తుంది. నాజిల్ కొన దగ్గర సన్నటి రంధ్రం ఒకటి ఉంటుంది. పెట్రోలు పారుతున్నంతసేపూ ఆ రంధ్రం గాలి పీలుస్తూ ఉంటుంది. నిండిన పెట్రోలు పైకి వచ్చి రంధ్రాన్ని మూసేస్తే గాలి ఆగి, లోపలి మీట టక్కున పడిపోతుంది. గొంతు మరీ వంకరగా ఉన్నా, సన్నగా ఉన్నా, ట్యాంకులోని గాలి బయటికి వచ్చే దారి వేరే లేకపోయినా పెట్రోలు నురగతో వెనక్కి తంతుంది. ట్యాంకు పావు వంతు కూడా నిండకుండానే నాజిల్ ఆగుతుంది. బంకు కుర్రాడు మళ్లీ నొక్కుతాడు, మళ్లీ ఆగుతుంది, చివరికి సగం నొక్కి పట్టుకుని నింపుతాడు. ఒలికేది అప్పుడే. బాడీ ఎంత అందంగా ఉన్నా ఈ లోపం ప్రతి బంకులోనూ బయటపడుతుంది.

విద్యార్థులు కట్టే పందెం కార్ల పోటీ అయిన ఫార్ములా ఎస్‌ఏఈ నిబంధనలు చాలాకాలం దీనికి లెక్కలు చెప్పాయి. గొంతు వ్యాసం కనీసం 38 మిల్లీమీటర్లు ఉండాలి, ట్యాంకు పైమట్టం కంటే కనీసం 125 మిల్లీమీటర్ల ఎత్తుకు లేవాలి, నిటారు గీత నుంచి 45 డిగ్రీలకు మించి వాలకూడదు. ఇవి పందెం కోసం రాసిన అంకెలే. అయినా రోడ్డు కారు కట్టేవాడు ట్యాంకు ఎక్కడ, రెక్క ఎక్కడ అని కొలుచుకునేటప్పుడు వీటిని గోడ మీద రాసి పెట్టుకోవచ్చు. మన దేశంలో ఇలాంటి పోటీలు బాహా పేరుతో 2007 నుంచి, సుప్రా పేరుతో 2011 నుంచి జరుగుతున్నాయి. ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలకు తెలిసిన ఈ లెక్క షెడ్డు మెకానిక్‌కూ, అతని చేతిపని ఆ పిల్లలకూ చేరితే ఇద్దరికీ మేలు.

ఫైబరు బాడీ విషయంలో ఇంకో మెలిక ఉంది. చాసిస్ ఒకలా ఊగుతుంది, బాడీ ఇంకోలా ఊగుతుంది. గొంతును రెండు చివర్లా ఇనుముతో బిగిస్తే ఎక్కడో ఒకచోట పగులు వస్తుంది. అందుకే ట్యాంకుకూ గొంతుకూ నడుమ మెత్తటి హోస్ ఉండాలి. అది పెట్రోలు కోసం చేసిన హోసే కావాలి. రేడియేటర్ హోస్ చూడటానికి అలాగే ఉంటుంది, పెట్రోలు తగిలితే కొన్నాళ్లలో ఉబ్బి, జిగటగా మారి జారిపోతుంది.

ఫైబరులో విద్యుత్తు పారదు. లోహపు గొంతు ఫైబరు బాడీలో బిగిసి, కింద రబ్బరు హోస్‌తో ట్యాంకుకు కలిస్తే అది దేనితోనూ కలవని ఒంటరి లోహపు ముక్క అవుతుంది. పారే పెట్రోలు వల్ల పుట్టే స్థిర విద్యుత్తు దాని మీద పోగవుతుంది. నాజిల్ తగలగానే నిప్పురవ్వ లేచే ప్రమాదం ఉంది. గొంతు నుంచి చాసిస్‌కు ఒక చిన్న అల్లిక తీగ బిగిస్తే ఆ భయం తీరుతుంది. దానికయ్యే ఖర్చు ఒక పూట టీ ఖర్చు. మూడు పక్షాలవాళ్లూ అతి తక్కువగా మాట్లాడేది దీని గురించే, అతి ఎక్కువగా మాట్లాడాల్సిందీ దీని గురించే.

ఇక్కడి ఎండ, వాన, దుమ్ము

ఇంగ్లండులో రాసిన సలహాలు మన దగ్గర యథాతథంగా పనిచేయవు. రామగుండం, ఆదిలాబాద్ వేసవిలో 45 డిగ్రీలు దాటుతాయి. ఒక డిగ్రీ వేడికి పెట్రోలు వెయ్యింట దాదాపు ఒక వంతు పెరుగుతుంది. భూమిలోపలి ట్యాంకు నుంచి 28 డిగ్రీల వద్ద వచ్చిన 40 లీటర్ల పెట్రోలును మూతదాకా నింపి, మధ్యాహ్నం ఎండలో 45 డిగ్రీలకు చేరనిస్తే అది అరలీటరుకు పైగా పెరుగుతుంది. ఆ అరలీటరుకు చోటు కావాలి. ట్యాంకు పైన ఖాళీ వదలాలి, ఆవిరి పోయే గొట్టం ఉండాలి, బండి తిరగబడితే మూసుకునే వాల్వు దానికి ఉండాలి. ఇవి లేకపోతే మూత సందుల నుంచి పెట్రోలు గిన్నెలోకి వస్తుంది. ఎండలో నిలిపిన కారు దగ్గర పెట్రోలు వాసన వస్తోందంటే ఈ ఖాళీ వదల్లేదేమోనని ముందు చూడాలి.

వాన సంగతి వేరు. ఆదిలాబాద్‌లో ఏటా వెయ్యి మిల్లీమీటర్లకు పైగా కురుస్తుంది. గిన్నె అడుగున నీళ్లు పోయే రంధ్రం లేకపోతే తలుపు వెనుక చిన్న బావి తయారవుతుంది, మూత తీసిన క్షణాన ఆ నీళ్లు గొంతులోకి పోతాయి. ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చాక ఇది పెద్ద సమస్య అయింది. దేశంలో పది శాతం కలపడం 2022లో, ఇరవై శాతం 2025లో చేరుకున్నారు. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. నీళ్లు మరీ ఎక్కువైతే నీటితో కలిసి విడిపోయి ట్యాంకు అడుగున దిగుతుంది, ఇంజను దాన్నే ముందు తాగుతుంది. ఇంధనంలో ఇథనాల్ ఉంది కాబట్టి పాత రబ్బరు సీళ్లూ, ఫైబరుతో చేసిన ట్యాంకులూ ఇక నమ్మదగినవి కావు. ఫైబరు ట్యాంకుల్లోని కొన్ని రకాల రెసిన్ ఇథనాల్‌కు మెత్తబడి కరుగుతుంది. బాడీ ఫైబరుదైనా ట్యాంకు లోహానిదే పెట్టుకోవాలి.

రాజీవ్ రహదారి మీద రామగుండం వైపు వెళ్తే బొగ్గు దుమ్ము, ఆదిలాబాద్ మార్కెట్ వైపు పత్తి సీజనులో గాల్లో తేలే దూది పోగులు. ఈ రెండూ గిన్నె రంధ్రాన్ని మూసేస్తాయి. రంధ్రం సన్నగా ఉంటే ఒక్క సీజనులో పూడుతుంది. చిటికెన వేలు దూరేంత వెడల్పు పెట్టి, కింద గొట్టం తగిలించి, ఏడాదికి రెండుసార్లు గాలి కొట్టించాలి. బయటి మూతకు ఈ ఒక్క విషయంలో పైచేయి ఉందని ఒప్పుకోవాలి. కాకపోతే మే నెల మధ్యాహ్నం దాన్ని వట్టి చేత్తో తిప్పలేరు.

మనకూ పడమటి దేశాలకూ ఉన్న అతి పెద్ద తేడా మనుషుల్లో ఉంది. అక్కడ కారు కట్టినవాడే పెట్రోలు పోసుకుంటాడు. మన బంకులో ఆ కారును మొదటిసారి చూస్తున్న కుర్రాడు పోస్తాడు. తలుపు ఎటు తెరుచుకుంటుందో, మూత ఎటు తిరుగుతుందో, నాజిల్ ఎంత లోతు దూర్చాలో అతనికి చూడగానే తెలియాలి. కనిపించని బటన్లు, అయస్కాంతపు తాళాలు, లోపల లాగే తీగలు ఎంత తెలివైనవైనా ఈ పరీక్షలో ఓడిపోతాయి. మూతను చిన్న పట్టీతో గొంతుకే కట్టి ఉంచితే బంకు మిషను మీద మరచిపోయే బాధ ఉండదు.

తలుపు కోసేటప్పుడు

కోసిన ముక్కనే తలుపుగా వాడుకుందామని అందరూ అనుకుంటారు. కుదరదు. గ్రైండరు బిళ్ల ఎంత సన్నదైనా ఒక మిల్లీమీటరు దాకా తినేస్తుంది. అంచులను ఆకురాయితో రాసి నునుపు చేస్తే ఇంకొంచెం పోతుంది, మూలల్లో బిళ్ల గుండ్రంగా తిరగదు. కాబట్టి రెక్క మీద మైనం రాసి, ఫైబరుతో అచ్చు తీసి, ఆ అచ్చులో తలుపును వేరుగా పోసుకోవాలి. రేకు పనైతే 18 లేదా 20 గేజు రేకును కొయ్య మీద కొట్టి అదే వంపు తేవాలి. ఆ తర్వాతే రంధ్రం కోయాలి, అదీ గీత కంటే లోపలికి కోసి ఆకురాయితో గీత దాకా రావాలి. చుట్టూ మూడు మిల్లీమీటర్ల సందు వదిలితే రంగు రెండు వైపులా పడ్డాక కూడా తలుపు రాసుకోదు.

కబ్జా దగ్గర చాలామంది ఓడిపోతారు. ఇంటి తలుపు కబ్జాలా అంచునే తిరుగుడు పెడితే, బాడీతో సమంగా ఉన్న తలుపు తెరిచేటప్పుడు దాని అంచు లోపలికి వెళ్లి రెక్క అంచుకు తగులుతుంది. రంగు లేచిపోతుంది. తిరుగుడు చోటు అంచుకు వెనుక, లోపలికి ఉండాలి. తలుపు నుంచి కబ్జా కొడవలిలా వంగి ఆ చోటుకు చేరాలి. అప్పుడు తలుపు మొదట బయటికి లేచి, తర్వాత పక్కకు తిరుగుతుంది. ఏ పాత కారు తలుపు విప్పి చూసినా ఈ వంకర కనిపిస్తుంది. కబ్జా ముందువైపు ఉండటం మేలు. పొరపాటున తెరిచి వెళ్లినా గాలి దాన్ని మూస్తుంది తప్ప విరగ్గొట్టదు.

చట్టం ఏమంటుంది

ఇక్కడ వాదానికి చోటు తక్కువ. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకూ రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరి 9న కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. పూర్తిగా కొత్త బండికి 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల కింద గుర్తింపు పొందిన సంస్థ పరీక్ష, ఆమోదం కావాలి. ఒక్క బండి కట్టుకునేవాడికి ఆ ఖర్చు మోయలేనిది. ఇంగ్లండులో ఒక్కొక్క కారునూ విడిగా పరీక్షించి రోడ్డెక్కించే పద్ధతి ఉంది. ఆ పరీక్షలో మూత అంచుల గుండ్రనాన్ని కూడా కొలుస్తారు, వ్యాసార్ధం రెండున్నర మిల్లీమీటర్లకు తగ్గకూడదు. మన దగ్గర అలాంటి సులువైన దారి లేకపోవడం వల్ల చేతిపనితో కట్టిన కార్లు ప్రదర్శనకూ, ప్రైవేటు ట్రాకులకూ పరిమితమవుతున్నాయి. హైదరాబాద్ బహదూర్‌పురాలో 2010లో తెరిచిన సుధా కార్ల మ్యూజియం ఎన్నో వింత ఆకారాల కార్లను జనానికి చూపుతోంది. ఇలాంటి పనితనం రోడ్డెక్కే మార్గం ఒకటి ఉండాలని కోరుకోవడంలో తప్పు లేదు. దానికి ముందు, కట్టినవాడు చట్టాన్ని అడ్డంకిగా చూడకుండా పరీక్షకు నిలిచే పని చేయాలి.

ఇంకా తేలనివి

ఆవిరి పోయే గొట్టం కొన ఎక్కడ ముగియాలన్నది తేలలేదు. కొందరు గిన్నెలోకే తెస్తారు, కొందరు చక్రం గూడులోకి దించుతారు. చక్రం గూడులో బురద పూడుస్తుంది, గిన్నెలో వాసన నిలుస్తుంది. బొగ్గు పొడి డబ్బాతో ఆవిరిని పట్టి ఇంజనుకే పంపే ఫ్యాక్టరీ పద్ధతి ఉత్తమం. పాత కార్బ్యురేటర్ ఇంజనుకు దాన్ని కలపడం అందరి వల్ల కాదు.

తలుపుకు తాళం అవసరమా అన్నదీ అంతే. మూతకు తాళం ఉంటే చాలంటుంది ఒక వర్గం. తలుపు తెరిచి ఉంటే పిల్లలు ఆడుకుంటారని, గిన్నెలో చెత్త వేస్తారని మరో వర్గం. ఊళ్లో నిలిపే కారుకు రెండో మాటే బరువుగా కనిపిస్తుంది.

ఈ వాదంలోకి ఇప్పుడు కొత్తగా వచ్చింది విద్యుత్తు. పెట్రోలు ఇంజను తీసి ఆమోదం పొందిన బ్యాటరీ కిట్ బిగించడాన్ని 52వ సెక్షన్‌లోనే ఒక వెసులుబాటు కింద అనుమతించారు. పాత రూపపు బాడీలో బ్యాటరీ పెట్టేవాళ్లు చార్జింగ్ సాకెట్‌ను పెట్రోలు తలుపు వెనుకే పెడుతున్నారు. గొంతు పోయింది, తీగ పోయింది, ఆవిరి గొట్టం పోయింది. గిన్నె, దాని అడుగున నీళ్లు పోయే రంధ్రం మాత్రం మిగిలాయి. సాకెట్‌ను గిన్నె మధ్యలో పెట్టాలా, పైకి కాస్త వాల్చి పెట్టాలా అన్న చర్చ అప్పుడే మొదలైంది. జూలై వానలో ఆ తలుపు తెరిచి, ప్లగ్గు పట్టుకుని నిలబడేవాడి చేతికి చుక్క నీరు తగలకుండా కబ్జా పైవైపుకు మారాలేమో.